కుళాయికి కుంకుమ... చిన్నమ్మకు తిట్లు

మా చిన్నప్పుడు... బెళుగుప్పలో మా వీధికి కుళాయి వచ్చిన రోజు మా అవ్వ దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టింది. అప్పటిదాకా తోట బావి నుంచి కడవలు మోసిన మనిషి కదా... ఆమెకు ఆ కుళాయి సాక్షాత్తూ గంగమ్మే. చెప్పులతో దాని దగ్గరికి పోతే మా వీపులు పగిలేవి.

ఆ ఏడే మా చిన్నాయనకు పెళ్లయింది. చిన్నమ్మది నల్లమాడ. మెల్లగా మాట్లాడేది. నాకు రోజూ జడ వేసేది కాబట్టి నేను పూర్తిగా ఆమె పక్షం...

కొన్నాళ్లకు ఇంట్లో ఏదో తేడా వచ్చింది. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు... అంగడాయన పాత సరుకు అంటగట్టాడని నాయన తిట్టాడు. బిందె లోపల తెల్లగా పేరుకుంది... సరిగా తోమలేదని అమ్మకు చీవాట్లు. పప్పుకని పెట్టిన కందిబ్యాళ్లు ఎంతసేపు ఉడికించినా మెత్తబడవు... ఆ తప్పు చిన్నమ్మ నెత్తిన పడింది. వంట ఆమె వంతు మరి.

"ఆ పిల్లది ఏం చెయ్యో ఏమో... కట్టెలన్నీ అయిపోతాండాయి, బ్యాళ్లు మాత్రం రాళ్ల మాదిరే ఉండాయి" అని అవ్వ దినామూ సణిగేది. కుళాయి మీద మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. గంగమ్మకు ఎవరైనా వంక పెడతారా?

ఒక సాయంత్రం అవ్వ నోరు జారింది. "మీయమ్మ నీకు పప్పు చేసేది గూడా నేర్పల్యా?" అంది. తనను అంటే పడింది గానీ, తల్లిని అనేసరికి చిన్నమ్మ తట్టుకోలేకపోయింది. ట్రంకు పెట్టెలో చీరలు సర్దుకుని, "పొద్దున బస్సుకు మా ఊరికి పోతా" అంది. ఇటు తల్లి, అటు పెళ్లాం... చిన్నాయన వాకిట్లోకి పోయి కూర్చున్నాడు. పోతే మళ్లీ రాదేమోనని నాకు ఏడుపొచ్చింది.

తెల్లారగానే అవ్వ కొంగు దోపింది. "బ్యాళ్లు ఎట్ల ఉడకల్లో నేను చూపిస్తా. చూసి పో" అంది.

పొయ్యి ముందు కూర్చుని కట్టె మీద కట్టె తోసింది. ఊది ఊది కళ్లు ఎర్రబడ్డాయి. అవతల బస్సు హారన్ కొట్టింది... చిన్నమ్మ పెట్టె పట్టుకుని గడప దగ్గరే నిలబడి ఉంది. అవ్వ గరిటెతో ఒక బద్ద తీసి నొక్కింది. నలగలేదు. పళ్ల కింద పెట్టుకుంటే కటుక్కుమంది. ఒక్కరం కూడా నవ్వలేదు.

అవ్వ లేచి పోయి, కుళాయి నీళ్లు దోసిట్లో పట్టి నోట్లో పోసుకుంది. రోజూ తాగే నీళ్లే... అనుమానంతో తాగడం మాత్రం అదే మొదటిసారి.

"నీళ్లు మారినాయి" అంది.

కడవ తీసుకుని తోట బావికి పోయింది. ఆ నీళ్లలో బ్యాళ్లు ఇట్టే మెత్తబడ్డాయి. సంగటి ముద్దలో గుంత చేసి, పప్పు పోసి, నెయ్యి వేసి చిన్నమ్మ ముందు పెట్టింది. "తినమ్మా... అనరాని మాట అన్నా" అంది.

"పెట్టె లోపల పెట్టొచ్చి తింటా అత్తా" అంది చిన్నమ్మ. బస్సు ఎప్పుడో పోయింది.

నీళ్లు ఎందుకు మారాయో మాకు ఎవరూ చెప్పలేదు. కొత్త బోరు కలిపారని కొందరు, పాత బోరు అడుగంటిందని కొందరు... ఇప్పటికీ తెలీదు.

ఇప్పుడు తాగేది క్యాన్ నీళ్లు. కుళాయి నీళ్లు ఎంత మారినా మన నాలుకకు తెలీదు. మొన్న అనంతపురంలో చిన్నమ్మ ఇంటికి పోయాను. కొత్త కోడలు కుక్కర్ మూత తీసి బిక్కమొహం వేసింది. "ఎన్ని విజిల్స్ వచ్చినా బ్యాళ్లు ఉడకల్యాదత్తా..."

చిన్నమ్మ కుక్కర్ వైపు చూడనే లేదు. ముందు కుళాయి తిప్పి, దోసెడు నీళ్లు నోట్లో పోసుకుంది.

"నీ చెయ్యి కాదులేమ్మా... నీళ్లు" అంది.

అవ్వ లేదు, ఆ పొయ్యీ లేదు... మీ ఇళ్లలో నీళ్లు చేసిన తప్పుకు ఎవరు మాటలు పడ్డారు? ఇక్కడ రాయండి. వాళ్లు ఇంకా ఉంటే, ముందు వాళ్లకు ఆ ఒక్క మాట చెప్పి వచ్చి రాయండి...