సుద్దగీత చెప్పిన సాక్ష్యం

మా బాబాయికి చైనా సూదులు వచ్చిన రోజున తిరువూరు బస్టాండులో చెప్పుకోదగ్గ హడావుడేమీ జరగలేదు. విజయవాడ బస్సు టాపు మీదనుంచి ఖాళీ మామిడి గంపలు దించారు. వాటి మధ్యనుంచి ఒక అట్టపెట్టె దించారు. అంతే. బాబాయి మాత్రం ఆ పెట్టెను అప్పుడే పుట్టిన బిడ్డను అందుకున్నట్టు రెండు చేతులా అందుకుని, నన్ను వేలు కూడా పెట్టనివ్వకుండా ఇంటిదాకా నడిచాడు. దారిలో ఎదురైనవాళ్ళు ఏంటండీ అది అని అడిగితే ఆగి చెప్పాడు. అడగనివాళ్ళను పిలిచి మరీ చెప్పాడు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఎండాకాలం అది. బాబాయి బజారు వీధిలో ఒక గది క్లినిక్కు నడిపే ఆర్.ఎం.పి. డాక్టరు. ఏదో వారపత్రికలో, ఒళ్ళంతా సూదులు గుచ్చుకుని నవ్వుతున్న చైనా రోగి బొమ్మ చూసిన దగ్గరనుంచి ఆయనకు నిద్ర పట్టడం మానేసింది. కలకత్తాలో ఈ వైద్యం నేర్చుకున్న డాక్టర్లున్నారని తెలిసి, రైల్వేలో పనిచేసే స్నేహితుడి చేత సూదులూ, పుస్తకమూ, గోడకు తగిలించే పటమూ తెప్పించాడు. మాది క్రైస్తవ కుటుంబం. ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా ప్రార్థన చేశాకే విప్పుతాం. బాబాయి అంత పొట్టి ప్రార్థన చేయగలడని నాకు ఆ రోజే తెలిసింది.

పటంలో ఒక బక్కపలచని మనిషి చేతులు చాచి నిలబడి ఉన్నాడు. తల నుంచి కాలి వేళ్ళ దాకా ఒంటినిండా గీతలు, గీతల మీద చుక్కలు, చుక్కల పక్కన చైనా అక్షరాలు. దాన్ని క్లినిక్కులో తగిలించిన రోజే ఒక బస్సు కండక్టరు దగ్గుమందుకు వచ్చి, చాలాసేపు పరీక్షగా చూసి, కాలేయానికి డైరెక్టు బస్సుందా, పొట్ట దగ్గర దిగి మారాలా అని అడిగాడు. నాకు రావలసిన ఆలోచన ఆయనకు ముందు వచ్చినందుకు ఆ పూటంతా నేను దిగులుగా ఉన్నాను.

పుస్తకం ఇంగ్లీషులో ఉంది. నాకు డిగ్రీ ఉండి ఉద్యోగం లేదు కనక ఇంట్లో ఇంగ్లీషు శాఖ నాది. నేను చదివి తెలుగులో చెబుతుంటే బాబాయి కళ్ళు మూసుకుని వినేవాడు. సూది ఎక్కడ గుచ్చాలో కొలవడానికి రోగి బొటనవేలి వెడల్పే కొలబద్ద అని అందులో రాసి ఉంది. ఇది బాబాయికి తెగ నచ్చింది. మనవాళ్ళ జానలూ బెత్తెలూ లాంటిదే కదరా అని మురిసిపోయి, వారం తిరక్కుండా ఇంటికొచ్చిన ప్రతివాడి బొటనవేలూ పట్టుకుని చూశాడు. పాలవాడు చేతులు వెనక్కి పెట్టుకుని పాలు పోయడం మొదలెట్టాడు, అదెలా సాధ్యమో నన్నడక్కండి. సూది దించడం దోసకాయల మీద అభ్యాసం చేశాడు. ఆ దోసకాయలే సాయంత్రం పప్పులోకి దిగేవి. నేను ప్రతి ముక్కా జాగ్రత్తగా నమిలి తినేవాణ్ణి. ఆ తరవాత తన చేతికే గుచ్చుకున్నాడు. సూదుల్ని స్టవ్ మీద గిన్నెలో మరిగించకుండా ఒక్కటి కూడా ముట్టుకోలేదు, ఆ మాట చెప్పి తీరాలి.

ఇదంతా ఎవరికోసమో ఇంట్లో అందరికీ తెలుసు. పిన్ని ఆడపిల్లల స్కూల్లో లెక్కల టీచరు. అంతకుముందు చలికాలం నుంచి ఆమె కుడి రెక్క పట్టేసింది. చెయ్యి భుజం ఎత్తు దాటి లేవదు. జడ మా చెల్లెలు వేసేది. అది పెద్ద ఇబ్బంది కాదు. నల్లబల్ల మీద కింది సగంలోనే రాయడంతో వెనక బెంచీల పిల్లలు లేచి నిలబడి ఎక్కించుకోవాల్సి వచ్చేది. పెద్ద టీచరమ్మ చాలా మర్యాదగా, జూన్‌లో బడి తెరిచేసరికి చెయ్యి లేవకపోతే లెక్కలు ఇంకొకరికిచ్చి మీకు కుట్టుపని క్లాసు ఇస్తానండీ అంది. పిన్నికి గుండీ కుట్టడం కూడా రాదు. లెక్కలు తప్ప ఇంకేదైనా చెప్పడమంటే ఆమెకు చెయ్యి కాదు, ప్రాణమే పట్టేసినట్టుంటుంది.

అయినా సూది గుచ్చనివ్వలేదు. ముందు ఊళ్ళోవాళ్ళకు తగ్గనీండి అంది.

ఊళ్ళోవాళ్ళు వచ్చారు. మామిడికాయల రోజులు కదా, చిక్కం కట్టిన గడ పైకెత్తి పొద్దస్తమానం కాయలు కోసి కోసి సగం మందికి భుజాలు పీకుతున్నాయి. విస్సన్నపేట నుంచి కూడా వచ్చారు. అందరికీ తగ్గింది. ఎవర్నడిగినా తగ్గిందండి అనే అన్నారు. బాబాయి రాత్రుళ్ళు కూడా ఈల వేస్తూ తిరిగాడు.

అప్పుడొచ్చింది ఆదివారం. మా చర్చిలో పాటలయ్యాక, మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెబుతారు. ఆ వారం మా వెనక వీధి మామ్మ లేచింది. ముందు దేవుడికీ తరవాత డాక్టరు బాబుకీ వందనాలు చెప్పి, చాలా కాలంగా బాధపెట్టిన మోకాళ్ళ నొప్పి సూదులతో పూర్తిగా పోయిందని చెప్పింది. మగవాళ్ళ వైపు కూర్చున్న బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. అందరూ స్తోత్రం అన్నారు. తరవాత పాస్టరు అయ్యగారు మోకాళ్ళ మీద ప్రార్థన చేద్దామన్నారు. చర్చి అంతా మోకరించింది. మామ్మ ఒక్కతే బెంచీ మీద అలాగే కూర్చుంది.

నేను ఒక కన్ను తెరిచి చూశాను. ఆడవాళ్ళ వైపునుంచి పిన్ని కూడా ఒక కన్ను తెరిచి నన్నే చూస్తోంది.

ఇంటికొచ్చాక పిన్ని నన్ను వంటింట్లోకి పిలిచి, ఒక మాట చెప్పింది. ఇన్నాళ్ళూ ఆమె ఎందుకు వద్దందో అప్పుడు అర్థమైంది.

"ఆయన మొహం చూసి తగ్గలేదని చెప్పడం నావల్ల కాదురా. సూది పెట్టించుకుంటే నేనూ ఆ మామ్మలాగే తగ్గిందంటాను. అని, జూన్‌లో వెళ్ళి గుండీలు కుడతాను. అసలు ఎవరికి తగ్గిందో నాకు నిజం తెలియాలి. నువ్వెళ్ళి కనుక్కునిరా."

కనుక్కోవడం తేలికే అనుకున్నాను. మన ప్రాంతంలో డాక్టరు గుచ్చినా, కోసినా, చివరికి చంపినా, మొహం మీద బాగాలేదని ఎవరూ అనరు. డాక్టరు అన్నకొడుకుతోనూ అనరని నేను లెక్క వేసుకోలేదు. వెళ్ళిన ప్రతి ఇంట్లో మంచం వాల్చారు, మజ్జిగ ఇచ్చారు, తగ్గిందన్నారు. ఒకాయన పూర్తిగా తగ్గిందని చెబుతూనే ఎడమచేత్తో గ్లాసు అందించాడు. కుడిచేయి ఏదండీ అంటే, దానికి కాస్త విశ్రాంతి ఇస్తున్నానన్నాడు. నెమలి ఊళ్ళో వేణుగోపాలస్వామికి మొక్కుకున్నాను, ఒంగోలు నుంచి తెప్పించిన నొప్పుల నూనె రాశాను, మీ బాబాయి సూదులూ వేయించుకున్నాను, ముగ్గురికీ పేరు రావాలి కదండీ అని ఇంకొకాయన న్యాయం చెప్పాడు. సాయంత్రానికి నా పొట్టలో మజ్జిగ తప్ప సాక్ష్యాధారాలేమీ లేవు.

పుస్తకంలో చూద్దామని తిరగేశాను. చాలామందికి గుణం కనిపించిందన్న ధోరణిలోనే ఉంది అంతా. వాళ్ళకు మజ్జిగ ఎవరిచ్చారో రాయలేదు.

దారి పిన్నికే తట్టింది. నోటిని అడగొద్దు, చేతిని అడగమంది. సెలవులకు ముందు బడినుంచి తెచ్చుకున్న రంగు సుద్దముక్కలు ఇచ్చింది. భుజం నొప్పితో వచ్చిన మనిషి క్లినిక్కు గోడకు పక్కగా నిలబడి, మడమలు లేపకుండా, చెయ్యి ఎంతవరకు లేస్తే అంతవరకు లేపి ఒక గీత గీయాలి. పక్కన పేరు. మళ్ళీ వచ్చినప్పుడు ఇంకో గీత. మనిషికి మొహమాటం ఉంటుంది గానీ గోడకేం ఉంటుంది. బాబాయి మొదట నొచ్చుకున్నాడు. నా రోగులు అబద్ధం చెబుతారా అన్నాడు. లేదు, మర్యాద చేస్తారన్నాను. గోడ తడిమి చూసి, సున్నం వేయించి రెండేళ్ళయినా కాలేదు కదరా అని గొణిగి ఒప్పుకున్నాడు.

తరవాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. పొద్దున్నే లేచి పళ్ళు తోముకోకుండా గోడ చూడ్డానికి వెళ్ళేవాణ్ణి, సంబంధం కుదిరినవాడు పెళ్ళికూతురు ఫోటో చూసుకున్నట్టు. కొన్ని గీతలు నిజంగా పైకి పాకాయి. కొన్ని కదల్లేదు. ఎడమచేత్తో గ్లాసిచ్చినాయన గీత మొదటి గీత మీదే పడింది. ఆయన దాన్ని చూసి, గోడ కిందికి దిగినట్టుందండీ అన్నాడు.

వినగడప నుంచి ఒక రైతు వచ్చాడు. మీసాలు చూస్తే పులులు దారి ఇచ్చేలా ఉంటాడు. సూదిని చూడగానే కూర్చున్న బల్ల మీదనుంచి లేచిపోయాడు. గీత మాత్రం గీసి వెళతానన్నాడు. తన గీత పక్క ఊరివాళ్ళందరి గీతల కన్నా కిందనే ఉండటం ఆయనకు పరువు సమస్య అయింది. పనిమీద ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా వచ్చి ఒక గీత గీసిపోయేవాడు. ఇంటిదగ్గర గుమ్మానికి చెయ్యి లేపి సాధన కూడా చేస్తున్నాడని తరవాత తెలిసింది.

గోడ మీద నమ్మకం కుదిరాక పిన్ని ఒప్పుకుంది. ఒకటే షరతు పెట్టింది, ఎలా ఉందని అడగకూడదు. ఆ మాట అడక్కుండా బాబాయి అన్నం కూడా తినలేడు. సూదులు పెట్టి, తీసి, నోరు బిగించి కనుబొమ్మలు పైకెత్తేవాడు.

"కనుబొమ్మలతో కూడా అడక్కూడదండీ," అనేది పిన్ని, కళ్ళు మూసుకునే.

ఆమె గీత మొదట వేలెడు లేచింది. తరవాత ఆగింది. బడి తెరిచే రోజు దగ్గరకొచ్చేస్తోంది. పెద్ద టీచరమ్మ కుట్టుపని సామాను లెక్క చూసుకోమని కబురు కూడా పెట్టింది. ఒకరోజు పొద్దున పిన్ని గోడ దగ్గర నిలబడి చెయ్యి లేపితే, అది క్యాలెండరు మేకు దాటి పైకి పోయింది. గీత గీసింది. తనే నమ్మలేక దాని మీద ఇంకోటి గీసింది. ఈ వార్త చెల్లెలికి చెప్పడానికి నేనేమీ పరుగు పెట్టలేదు, మామూలుగానే నడిచాను. చెప్పులు క్లినిక్కులో వదిలేశానని ఇంటికెళ్ళాక గానీ తెలియలేదు.

మధ్యాహ్నం వినగడప రైతు వచ్చాడు. చెయ్యి లేపాడు. ఆయన గీత కూడా తన మొదటి గీతకు జానెడు పైన పడింది. మీసం సవరించుకుని వెళ్ళిపోయాడు.

బాబాయి చాలాసేపు ఆ రెండు గీతల్నీ చూశాడు. ఇందాకటి ఉత్సాహం మొహంలోంచి దిగిపోవడం కనిపించింది. నాకు ఏదో ఒక జోకు వేయాలనిపించింది, తోచలేదు. నా విషయంలో అది అరుదు.

"ఒరేయ్, వాడికి మనం సూది గుచ్చలేదు కదా?"

"గుచ్చలేదు బాబాయ్. సూది చూడగానే ఆయనే లేచిపోయాడు."

పిన్ని మెల్లిగా అంది, "రోజూ గోడకి చెయ్యి లేపాను కదండీ. అది కూడా మందేనేమో. లేదా దానంతటదే తగ్గే రోజులొచ్చాయేమో. సూదులేనేమో కూడా. ఈ ఒక్క గోడ చూసి ఎలా చెబుతాం?"

బాబాయి బాధపడతాడనుకున్నాను. ఆయన లేచి గదంతా ఒకసారి తిరిగాడు. పటంలో మనిషి ముందు నిలబడ్డాడు. వెనక్కి తిరిగేసరికి, అట్టపెట్టె అందుకున్ననాటి మొహం మళ్ళీ వచ్చేసింది. అయితే ఇంకో గోడ కావాలన్నాడు. సూదులు వేయించుకుని గీసేవాళ్ళు ఈ గోడ మీద, సూది వద్దని ఉత్తినే చెయ్యి లేపేవాళ్ళు ఆ గోడ మీద. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. పక్కనున్న కిళ్ళీకొట్టు గోడ అడుగుదామని అప్పటికప్పుడు బయల్దేరాడు. కొట్టువాడు ఇచ్చాడు గానీ, అప్పు పెట్టినవాళ్ళ పేర్లనుకుని జనం గొడవకొస్తారేమోనండీ అన్నాడు.

జూన్‌లో బడి తెరిచారు. పిన్ని నల్లబల్ల పైఅంచు దగ్గర తారీఖు వేసింది. వెనక బెంచీల పిల్లలు అలవాటుకొద్దీ లేచి నిలబడ్డారట, కూర్చోమని చెప్పడానికి చాలాసేపు పట్టిందట. గుండీలు తప్పాయి.

తరవాతి ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ పిన్ని లేచింది. ఆమె ఎప్పుడూ లేవదు. సంగతి అందరికీ తెలుసు కనక, భర్తను ఎలా పొగుడుతుందోనని చర్చి అంతా మెడలు చాచింది. బాబాయి నేల చూపులు చూస్తున్నాడు. పిన్ని కుడిచెయ్యి చెవి పక్కగా పైకి లేపింది. "దేవుడికి వందనాలు. నా చెయ్యి ఇంతవరకు లేస్తోంది. దేనివల్లో ఇంకా కనుక్కుంటున్నాం," అని కూర్చుంది. స్తోత్రం అనాలో వద్దో తెలియక జనం ఒకర్నొకరు చూసుకున్నారు. నేను అన్నాను. కాస్త గట్టిగానే వచ్చింది.

మోకాళ్ళ ప్రార్థనప్పుడు మామ్మ ఎప్పటిలాగే బెంచీ మీద ఉంది. అయ్యాక, బయట చెప్పులేసుకుంటున్న బాబాయి దగ్గరకు కుంటుకుంటూ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"టీచరమ్మ అంత ధైర్యంగా చెప్పింది గనక చెబుతున్నా బాబూ. నా మోకాళ్ళు తగ్గలేదయ్యా. ఇసుమంత కూడా తగ్గలేదు. నువ్వు నొచ్చుకుంటావని..."

తగ్గలేదన్న మాటకు అంత సంబరపడిన డాక్టరును నేను ఇంతవరకు చూడలేదు. బాబాయి ఆమె రెండు చేతులూ పట్టుకుని, ఎప్పుడొస్తావు మామ్మా, రేపొస్తావా అని అడుగుతూనే, ఆమె తల మీదుగా నన్ను పిలిచి, మోకాళ్ళకు గోడ మీద గీత ఎలా గీయిస్తాంరా అన్నాడు. మామ్మ వెనక చర్చి మెట్లున్నాయి, ఎన్నో మెట్టు దాకా ఎక్కగలిగితే ఆ మెట్టు మీద గీత. నేను జేబులో సుద్దముక్క కోసం వెతుకుతున్నాను.