పేరు రాయని ఫ్లాస్కు

రాజోలు సెంటర్లో ఆటో స్టాండు పక్కన, పదడుగుల ఎత్తు ఫ్లెక్సీలో చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డ మహా శాస్త్రవేత్తను నేనే. ఆ నవ్వు చూసి మోసపోకండి. ఆ ఫ్లెక్సీ కట్టిన మూడో రోజు పొద్దున పదకొండు గంటలకి నేను పడ్డ సిగ్గు కోనసీమలో ఇంకెవరూ పడి ఉండరు. ఎవరైనా పడి ఉంటే అడ్రసు చెప్పండి, వెళ్ళి ఒక దండం పెట్టి వస్తాను.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. భయపడకండి, పరీక్ష పెట్టను. బెంజీన్ వలయం అని ఒకటుంది. ఆరు కార్బన్లు చేతులు పట్టుకుని గుండ్రంగా కూర్చుని ఉంటాయి. మహా మొండి ఘటాలు. ఒక ఆక్సిజనూ ఒక హైడ్రోజనూ జంటగా వచ్చి మమ్మల్నీ కలుపుకోండి అంటే తలెత్తి కూడా చూడవు. ఓహెచ్ అనే ఆ జంటను ఆ వలయానికి అతికించడమే నా పీహెచ్‌డీ. మధ్యవర్తి రాగి. రాగిని ఒక పెద్ద అణువు మధ్యలో కూర్చోబెట్టి, బెంజీన్ వలయాన్ని దాని పక్కనే ఉండేట్టు చేసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే, రాగి అందులోంచి ఆక్సిజన్ లాక్కుని వలయానికి అంటగట్టాలి. అప్పుడు లేత నీలంగా ఉన్న ద్రావణం ముదురు ఆకుపచ్చకి, ఆపైన గోధుమ రంగుకి తిరగాలి. మన కాలేయం ఇలాంటి పనే రోజూ చప్పుడు చేయకుండా చేసుకుపోతుంది. అంటే ఏడాదిన్నరగా నా కాలేయం చేస్తున్న పని నేను చేయలేకపోతున్నానన్నమాట.

రెండు రివ్యూలు అయిపోయాయి. రెండింటిలోనూ నా ద్రావణం లేత నీలంగానే ఉంది. మా గైడు పద్మావతి మేడం పిలిచి నెమ్మదిగా చెప్పారు.

"సోమవారం మూడో రివ్యూ సునీతా. ఈసారి కూడా ఏమీ లేదంటే రిజిస్ట్రేషన్ తీసేస్తారు. బయటి ప్రొఫెసరు గారు వస్తున్నారు. నేను అడ్డం పడినా ఆగదు."

"ఆయ్" అన్నాను. ఆ తర్వాత స్టోరు రూములోకి వెళ్ళి ఏడ్చాను. మా ఇంట్లో ఇంత దూరం చదివింది నేనొక్కదాన్నే. మా అమ్మ మిషను కుట్టి చదివించింది. ఆ సీటు పోతే నాకు వేరే పని రాదు, వచ్చినా ఇష్టం లేదు.

నన్ను ఆదుకున్నది మా డేవిడ్ మావయ్య. అమ్మకి తమ్ముడు. కాట్రేనికోన దగ్గర రొయ్యల చెరువులున్నాయి. నా మొహం చూసి సంగతి అడిగాడు.

"మా కాలేజీలో పెరాక్సైడ్ సీసా పాతదైపోయింది మావయ్యా. అందులో సగానికి సగం నీళ్ళే మిగిలుంటాయని నా అనుమానం. కొత్తది ఆర్డరు పెడితే ఎప్పటికొస్తుందో."

"పెరాక్సైడా? ఓస్, మా చెరువు గట్టు మీద డ్రమ్ములున్నాయి కదమ్మా! తెల్లారుగట్ల రొయ్యలకి ఊపిరాడకపోతే అదే పోస్తాం. నీకెన్ని లీటర్లు కావాలి?"

"పదిహేను మిల్లీలీటర్లు."

మావయ్య చాలాసేపు నావైపు జాలిగా చూశాడు. మర్నాడు అయిదు లీటర్ల క్యాను పంపించాడు.

శుక్రవారం పొద్దున ఆ రొయ్యల మందు బలం లెక్కగట్టి, నీళ్ళు కలిపి పలచన చేసి, నా నీలం ద్రావణంలో పోసి, ఫ్లాస్కును బల్ల మీద పెట్టాను. మేడం ఆ మధ్యాహ్నం పెళ్ళికి రాజమండ్రి వెళ్తూ గుమ్మంలోంచి అడిగారు.

"లేబుల్ వేసేవా?"

"ఆయ్."

వేయలేదు. పెద్దవాళ్ళు ఏదడిగినా ముందు ఆయ్ అనేయడం మా వైపు వాళ్ళకి పుట్టుకతో వచ్చిన జబ్బు. చేశామా లేదా అన్నది తర్వాత తీరిగ్గా చూసుకుంటాం. అయినా నా ఫ్లాస్కు నాకు తెలియదా? కన్నతల్లి బిడ్డ మెడలో చీటీ కడుతుందా? ఆ రోజుల్లో నా తర్కం అంత పటిష్ఠంగా ఉండేది.

ఇక్కడ అప్పారావు గారి గురించి చెప్పాలి. మా ల్యాబు అటెండరు. పాతికేళ్ళ సర్వీసు. మా ల్యాబులో టీ కాయడం నిషిద్ధం. ఆ నోటీసు కింద నిలబడే ఆయన రోజూ టీ కాసేవారు. పాలు ఇంటి నుంచి తెచ్చుకునేవారు, డికాక్షన్ మాత్రం అల్లం, యాలకులు దంచి వేసి అక్కడే ఒక ల్యాబు ఫ్లాస్కులో దించేవారు. ఈ సంగతి మేడంకి తెలియదని మేమంతా అనుకునేవాళ్ళం. మేడం కూడా రోజుకి రెండు గ్లాసులు తాగుతూ అలాగే అనుకునేవారు.

భోజనం చేసి వచ్చేసరికి బల్ల మీద నా ఫ్లాస్కు ముదురు గోధుమ రంగులో మెరుస్తోంది!

దగ్గరికెళ్ళి చూస్తే అడుగున సన్నగా, పొడుగ్గా ఏవో తేలుతున్నాయి. నోట్‌బుక్ తీసి రాసుకున్నాను: సూది ఆకారపు స్ఫటికాలు. ఓహెచ్ అతుక్కుందో లేదో తేల్చడానికి ఫెర్రిక్ క్లోరైడ్ వేసి చూడాలి. అతుక్కుంటే ఊదా రంగు వస్తుంది. కొంచెం తీసి చుక్క వేశాను. ఊదా రాలేదు, కాటుకలా నల్లగా వచ్చింది. మామూలు మనిషైతే అక్కడ ఆగి ఆలోచించాలి. నేను మాత్రం, ఓహెచ్ మరీ ఎక్కువగా అతుక్కుపోయి ఊదా ముదిరి నలుపైందని తీర్మానించాను.

నా కేకకి అప్పారావు గారు పరిగెత్తుకొచ్చారు. ఫ్లాస్కు చూశారు, నన్ను చూశారు.

"అమ్మా, అదీ... ఇక్కడ నాదండి..."

"ఏంటండీ అప్పారావు గారూ? చూసేరా ఈ రంగు? ఏడాదిన్నర కష్టమండి!"

"ఆయ్. చాలా బావుందండి. మీరు సంతోషంగా ఉన్నారు, తర్వాత అడుగుతానండి."

నాలుగింటికి మళ్ళీ వచ్చారు. "ఇవాళ టీ లేదండి. డికాక్షన్ కుదరలేదు." పాపం అనిపించి, బయట బడ్డీ కొట్టు నుంచి ఆయనకి నేనే టీ తెప్పించాను. ఆయన నావైపు అదోలా చూస్తూ తాగారు. ఆ చూపును నేను గౌరవం అనుకున్నాను.

మేడంకి ఫోన్ చేస్తే పెళ్ళి బ్యాండు మధ్యలోంచి అరిచారు. "బ్లాంక్ చేసేవా?" బ్లాంక్ అంటే రాగి వేయకుండా మిగతావన్నీ వేసి చూడడం. అప్పుడూ రంగు వస్తే అది మన ఘనత కాదన్నమాట.

"ఆయ్" అన్నాను. మీకు తెలిసిందేగా.

తర్వాత ఫోన్ మావయ్యకి. శనివారం పొద్దునకల్లా ఫ్లెక్సీ లేచింది. "బెంజీన్ వలయానికి ఓహెచ్ అతికించిన కోనసీమ ఆడపడుచు డాక్టర్ సునీతకు శుభాకాంక్షలు." ఒక పక్క నేను, రెండో పక్క నాకంటే కొంచెం పెద్ద సైజులో కళ్ళజోడు పెట్టుకుని మావయ్య.

"నేనింకా డాక్టర్ని కాలేదు మావయ్యా!"

"ఎలాగూ అవుతావు కదమ్మా. మళ్ళీ ఇంకో ఫ్లెక్సీ ఎందుకని."

ఆదివారం చర్చిలో అమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. "మా అమ్మాయి ఏడాదిన్నరగా ఏదో అతికిస్తోందండి. అతుక్కోలేదండి. మొన్న శుక్రవారం ప్రభువు కృపవల్ల అతుక్కుందండి." సంఘమంతా స్తోత్రం చెప్పింది. బయటికొచ్చాక ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "ఇది షుగరుకి పనిచేస్తుందా అమ్మా?" అని అడిగింది. తెలియదని చెప్పాల్సింది. "ముందు ముందు చూద్దామండి" అన్నాను గంభీరంగా. తలుచుకుంటే ఇప్పటికీ ఆ గంభీరానికి రెండు తగిలించాలనిపిస్తుంది.

సోమవారం. బల్లకి అటు బయటి ప్రొఫెసరు గారు, పక్కన మేడం, ఇటు నేను, నా కొత్త చీర. ఫ్రిజ్‌లోంచి ఫ్లాస్కును రెండు చేతులతో తెచ్చి పెట్టాను. ఆయన పైకెత్తి వెలుతుర్లో చూశారు. మూత తీశారు. చేత్తో గాలిని ముక్కు వైపు విసురుకున్నారు. ఇంకోసారి విసురుకున్నారు.

"ద్రావకం ఏం వాడేరమ్మా?"

"మిథనాల్ అండి."

"మరి యాలకుల వాసనేంటి?"

ఆయన పొడుగాటి పట్టకారుతో అడుగున ఉన్నదాన్ని పట్టి పైకి తీశారు. "ఇవి నువ్వు రాసిన సూది ఆకారపు స్ఫటికాలు కదూ?"

"ఆయ్."

"అల్లం పీచమ్మా ఇది. బాగా దంచేరు."

టీపొడిలో ఓహెచ్ ఉన్న వలయాలు కోకొల్లలు. వాటిని తేయాకు మొక్క ఎప్పుడో అతికించేసింది. ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే నల్లబడకుండా ఎలా ఉంటుంది? తేయాకు మొక్క విజయానికి నేను చర్చిలో సాక్ష్యం చెప్పించాను.

"ఈ ల్యాబులో టీ కాస్తారా?" అని అడిగారు ప్రొఫెసరు గారు. మేడం కిటికీలోంచి కొబ్బరిచెట్లను అమితమైన ఆసక్తితో పరిశీలించడం మొదలుపెట్టారు.

"అయిదు నిమిషాలండి" అని వరండాలోకొచ్చి మావయ్యకి ఫోన్ చేశాను. "ఫ్లెక్సీ తీయించేయండి మావయ్యా." ఎందుకని అడగలేదు ఆయన. "ఆయ్, ఇప్పుడే తీయిస్తాను. నువ్వు అన్నం తిన్నావా?" అన్నాడు. అప్పుడు మాత్రం నిజంగా ఏడుపొచ్చింది.

కళ్ళు తుడుచుకుంటుంటే ఎదురుగా అప్పారావు గారు.

"అమ్మా, ఇప్పుడు అడగొచ్చాండి?"

"అడగండి."

"శుక్రవారం బల్ల మీద పెట్టిన నా డికాక్షన్ మీరు తీసుకున్నారు కదండి?"

"తీసుకున్నానండి. ఫ్రిజ్‌లో కూడా పెట్టేను."

"అయితే మరి మీది ఎప్పుడు తీసుకెళ్తారండి? మూడు రోజులైంది, స్టోరు రూము కిటికీలో ఉంది. బల్ల మీద చోటు లేదని ఆ మధ్యాహ్నం నేనే జరిపేనండి. చెబుదామంటే మీరు సంతోషంగా ఉన్నారాయె."

నేను పరిగెత్తాను. కొత్త చీరతో, రెండు స్టూళ్ళు తన్నుకుంటూ పరిగెత్తాను. కిటికీలో, ఫినాయిల్ డబ్బా పక్కన, నా ఫ్లాస్కు. లేత నీలం కాదు. ముదురు ఆకుపచ్చ, అంచుల్లో గోధుమ. ఏడాదిన్నర కలలో చూసిన రంగు. దాని మెడకి తెల్ల ప్లాస్టరు ముక్క. దాని మీద అప్పారావు గారి గుండ్రటి అక్షరాలు:

"సునీతమ్మ గారిది. టీ కాదు."

ఇంత పీహెచ్‌డీ చేస్తున్న నేను వేయని లేబుల్ ఆయన వేశారు.

ప్రొఫెసరు గారు ఈసారి ముందు వాసన చూశారు. తర్వాత ప్లాస్టరు చదివారు. అప్పుడు నవ్వారు, మొదటిసారి. "సాయంత్రం దాకా ఉంటాను. నా ఎదురుగా మళ్ళీ చెయ్యి. పక్కన బ్లాంక్ పెట్టు. రెండిటికీ లేబుల్ వెయ్యి."

"ఆయ్" అన్నాను, ఈసారి వేశాను కూడా. రెండు ఫ్లాస్కుల్లోనూ మావయ్య పెరాక్సైడ్. ఒకదానిలో రాగి ఉంది, రెండోదానిలో లేదు. నలుగురం చుట్టూ కూర్చున్నాం, అప్పారావు గారితో సహా. మూడు గంటలకి రాగి ఉన్నది ఆకుపచ్చకి తిరిగింది. అయిదింటికి గోధుమ దిగింది. బ్లాంక్ మాత్రం పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. రాగిని విడదీసి, మిగిలినదాని మీద ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేశాను. నల్లగా కాదండీ, ఊదా. అచ్చం వంకాయ పువ్వు రంగు. ఆ మొండి ఘటాలు చివరికి ఓహెచ్‌ని చేర్చుకున్నాయి. మేడం నన్ను కావలించుకున్నారు. ప్రొఫెసరు గారు ఫైలు మీద "సంతృప్తికరం, కొనసాగించవచ్చు" అని రాసి, కింద గీత కూడా గీశారు.

"మావయ్యా! ఫ్లెక్సీ మళ్ళీ కట్టించండి!"

"అదీ... చిన్న ఇబ్బంది వచ్చిందమ్మా. వాన పడేట్టుందని నీ వైపు సగం కోసి చెరువుకి గాలి కొట్టే మోటారు మీద కప్పించేశాను."

మర్నాడు రాజోలు సెంటర్లో మిగిలిన సగం లేచింది. కళ్ళజోడుతో మావయ్య ఒక్కడే, పక్కన "డాక్టర్ సునీతకు శుభాకాంక్షలు" లో చివరి మాట. నాకేం అభ్యంతరం లేదు. నా ముఖం మీద వాన పడుతోంది, రొయ్యలు హాయిగా ఊపిరి పీలుస్తున్నాయి, నా సీటు నాకుంది.

రివ్యూ అయిన సాయంత్రం అప్పారావు గారు అందరికీ టీ ఇచ్చారు. ప్రొఫెసరు గారు రెండోసారి కూడా పోయించుకున్నారు. నా గ్లాసుకి మాత్రం ప్లాస్టరు అంటించి ఉంది: "టీ. సునీతమ్మ గారు తాగొచ్చు, టెస్టు చేయొద్దు."

అందుచేత పాఠక మహాశయులారా, ఫెర్రిక్ క్లోరైడ్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పేరు రాయని పాత్రలో ఉన్నది ఎంత అందమైన రంగులో మెరిసినా, నా విజయమని ప్రకటించను. ముందు వాసన చూస్తాను. అప్పటికీ అనుమానం తీరకపోతే, చక్కెర వేయాలా వద్దా అని అప్పారావు గారిని అడుగుతాను.