ఎల్లమ్మకు మొదటి చుక్క

ఓ రోజు పొద్దున్నే గుజరాత్‌లోని కామ్‌రేజ్ బస్టాండులో గ్లాసు నీరా కొన్నాను. పులియని తాటికల్లు అన్నమాట. అలవాటుగా గ్లాసు తిప్పి వాసన చూశాను.

నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విన్న పక్కనున్న పెద్దమ్మ, "ఏంది బిడ్డా, ఖరాబైందా?" అనడిగింది.

"లేదమ్మా. దేశదేశాల విస్కీలు రుచి చూసి మార్కులేస్తుంటాను. గుజరాత్‌లో మందు బంద్ కదా, ఇక్కడ దీంతోనే సరిపెట్టుకుంటున్నా."

ఆమె పకపకా నవ్వింది.

"ఎల్లమ్మ తల్లికి సాక పొయ్యకుండనే మార్కులేస్తవా? ముందుగాల తల్లి తాగాలె, తర్వాతనే మనం" అంటూ తన గ్లాసులోంచి నాలుగు చుక్కలు నేలమీద వొంపింది. నేనూ వొంపాను.

ఇప్పుడు గోవా వెళ్లి స్కాచ్ రుచి చూసినా, జపాన్ విస్కీ రుచి చూసినా, మొదటి చుక్కలు నేలకే. నా చెయ్యి వణికిందనుకుని తోటివాళ్లు జాలిపడతారు. తల్లి మాత్రం ఇంతవరకూ ఏ సీసాకీ సున్నా వెయ్యలేదు.