పెద్దమ్మ మూడు దినాల ఉపవాసం

పెద్దమ్మ పోయిందని బుధవారం పొద్దున ఊరి నుంచి ఫోన్ వచ్చింది. నల్లగొండలో నేను పనిచేసే బడికి బయలుదేరుతున్నవాణ్ని, టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకునే మెట్ల మీద కూర్చుండిపోయాను. పొద్దున్నే లేచి, ప్రార్థన చేసుకొని, చాయ్ తాగి, మళ్లీ మంచం మీద ఒరిగిందట. అంతే.

ఆమె మా నాయిన అన్న భార్య. మర్రిగూడ మండలంలోని మా ఊళ్లో బతుకంతా కూలికి పోయిన మనిషి. పత్తి ఏరింది, కంది కోసింది. పెదనాయిన చిన్న వయసులోనే పోతే ఎవరి ముందూ చేయి చాపకుండా నిలబడింది. మా ఊరి బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఆమె మోకాళ్లను వంచేసింది. మోకరించలేక నిలబడే ప్రార్థన చేసేది.

ఆ ప్రార్థన మా ప్రార్థనలా ఉండేది కాదు. మేం అడగాల్సినవి అడిగి, ఆమెన్ అని లేచేవాళ్లం. ఆమె ఒక మాట అడిగి ఊరుకునేది. జవాబు కోసం అలాగే నిలబడేది. చిన్న చిన్న విషయాలకూ అంతే.

"ఏం కూర వండాల్నో గూడ దేవుడే చెప్తడా పెద్దమ్మా?" అని ఒకసారి ఆటపట్టించాను.

"కూర సంగతి నాకెర్కేరా. ఎవ్వలింటికి గిన్నెడు పంపాల్నో గది అడుగుతున్న" అంది.

ఆ గిన్నె ఒక్కోసారి ముందురోజు తనతో కొట్లాడిన మనిషి ఇంటికే పోయేది. "నాకైతే మనసొప్పుతలేదు. ఆయనేమో గామె పేరే చెప్తాండు" అని గొణుక్కుంటూనే గిన్నెలో కూర వేసేది.

తెలంగాణ వచ్చిన కొత్తలో, మా ఊళ్లో ఇంటింటికీ నల్లా నీళ్లు ఇంకా రానప్పుడు, ఒక దాత మా చర్చి సంఘానికి నీళ్లు శుద్ధి చేసే మిషన్ ఇచ్చాడు. చర్చి పక్కన రేకుల గది వేసి అందులో పెట్టాం. అప్పుడు నేను ఊళ్లోనే ఉండేవాణ్ని, సంఘానికి సెక్రటరీని నేనే. నీళ్లు మన వాడ వాళ్లకే, ఊరి వాళ్లకు ఇవ్వొద్దు, గదికి తాళం వేయాలి అని తీర్మానం రాసింది కూడా నేనే.

దాని వెనక పాత గాయం ఉంది. ఒకప్పుడు మా వాడవాళ్లు ఊరి బావిలో చేద వేయకూడదు. బిందె కింద పెట్టుకొని, పైనుంచి ఎవరైనా పోసేదాకా నిలబడాలి. పెద్దమ్మ కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో పటేలింటి అవ్వ ఆమెను మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టి, చుక్క పోయకుండా వెళ్లిపోయిందట. అందుకే పెద్దమ్మ నా వైపే ఉంటుందనుకున్నాను.

"జర ఆగుండ్రి. ఆయన్ని అడుగుత" అంది.

మూడు దినాలు నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక గోడ పట్టుకొని లేచింది.

"మీ లెక్కనే నాకు గూడ తాళమెయ్యాల్ననే ఉండె. ప్రభువా, ఒక్కసారి సరే అనుమని మూడు దినాలు బతిమాలిన. ఆయన అనలె. బాయి కాడ నేను నిలవడ్డది ఆయన జూసిండు. ఇంకొకల్ని గట్ల నిలవెట్టుమని నాకు చెప్తడా?"

"గా అవ్వ నీకు నీళ్లు పోసిందా?" అన్నాడు సంఘ పెద్ద ఒకాయన.

"పొయ్యలె. పోసినోళ్లకు పోసుడు ఎవ్వలైన చేస్తరు."

నాకు కోపం వచ్చింది. "తీర్మానం అయిపోయింది పెద్దమ్మా. గిది నీ ఒక్కదాని ముచ్చట కాదు" అన్నాను.

ఆమె గొంతు పెంచలేదు. "దేవుని చిత్తమంటే మనం రాసిన కాయితం మీద ఆయన దస్కత్ అడుగుడు కాదు బిడ్డా."

అయినా నేను తాళం తీయలేదు. మర్నాడు పొద్దున ఆమె తన వంతు నీళ్లు చిన్న బిందెలో పట్టుకుంది. ఆ మోకాళ్లతో ఆగుతూ ఆగుతూ పటేలింటికి నడిచింది. నేను రోడ్డు మీద నిలబడి చూస్తున్నాను. అవ్వ అరుగు మీద కూర్చొని ఉంది. ఆమె మోకాళ్లూ వంగిపోయే ఉన్నాయి.

"అవ్వా, మంచి నీళ్లు. తాగు" అంది పెద్దమ్మ.

అవ్వ ముఖం తిప్పుకొని "గాడ వెట్టిపో" అంది.

మర్నాటికి ఆ నీళ్లు అలాగే ఉన్నాయి, పైన దుమ్ముతో. పెద్దమ్మ వాటిని చెట్టు మొదట్లో పారబోసి, కొత్తగా తెచ్చినవి పెట్టి వచ్చింది. మూడో రోజూ అంతే, నాలుగో రోజూ అంతే. ఐదో రోజు నాకు చూడబుద్ధి కాలేదు. ఎదురెళ్లి ఆమె చంకలోని బిందె అందుకొని వెంట నడిచాను. మేం వెళ్లేసరికి అవ్వ కోడలు పసిపిల్లను ఎత్తుకొని వాకిట్లోకి వచ్చింది.

"అత్తమ్మ తాగింది. పిల్లకు గూడ జరన్ని ఇస్తవా పెద్దమ్మా?"

ఆ సాయంత్రమే తాళం తీసేశాను. రెండు కుటుంబాలు అలిగి సంఘం విడిచిపోయాయి. ఒకటి తిరిగొచ్చింది, ఇంకొకటి రాలేదు. రాని ఇంటి కోసం పెద్దమ్మ ఏడ్చేది. తాళం గురించి మాత్రం మళ్లీ మాట రానివ్వలేదు.

ఆమెను మట్టి చేసిన రోజు వాడ వాళ్లతో పాటు ఊరి వాళ్లూ వచ్చారు. గుంతకు ఆవలి వైపు మా తమ్ముడు నిలబడ్డాడు. చేను గట్టు దగ్గర మాటా మాటా పెరిగి మేం రెండేళ్లుగా పలకరించుకోలేదు. ఇద్దరం చెరో వైపు నుంచి మట్టి వేశాం. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

మొన్న ఆదివారం మా ఊరి చర్చిలో పాస్టరు అయ్యగారు నన్ను ప్రార్థన చేయమన్నారు. పెద్దమ్మ కోసం దేవునికి కృతజ్ఞతలు చెప్పాను. తర్వాత చిన్నప్పటి నుంచీ చేస్తున్నట్టు ఆమెన్ అనబోయి ఆగిపోయాను. నేనేం చేయాలి ప్రభువా అని లోపల అడిగాను. జవాబు వెంటనే తెలిసింది. అది కాకుండా ఇంకొకటి చెప్పమని వేడుకున్నాను. జనం కళ్లు మూసుకొని నా కోసం ఎదురుచూస్తున్నారు. ఇంకో జవాబేదీ రాలేదు.

ఆమెన్ అని, నా జాగాలో కూర్చోకుండా వెనక్కి నడిచాను. చివరి చాప మీద తమ్ముడు తల వంచుకొని ఉన్నాడు. నా పాదాలు చూశాడు. తల ఎత్తలేదు. పక్కన పెట్టుకున్న బైబిలు తీసి ఒళ్లో పెట్టుకొని, చాప మీద కొంచెం పక్కకు జరిగాడు.