మా రీనా పాచిరంగు

మా మనుమరాలు రీనా మొదటి గెలుపు బూజు మీద. చెన్నై కాలేజీలో మూడేళ్లు తంటాలుపడి, బట్టకు రంగు ఎక్కిస్తూనే బూజును దగ్గరికి రానివ్వని మందు ఒకటి తయారుచేసింది. జిల్లా మొదటి ర్యాంకు, బంగారు పతకం, ఇంగ్లీషు పత్రికలో పేరు, ఇవన్నీ ముందే వచ్చినా, నా లెక్కలో దాని తర్వాతే.

ఈ పగ సునామీ నాటిది. ఈ దీవుల్లోనే, హట్‌బేలో మా ఇల్లు సముద్రం పట్టుకుపోయాక శిబిరంలో రేకుల కింద ఉన్నాం. మూటల్లో వచ్చిన బట్టలకు వారం తిరక్కుండా నల్లమచ్చలు. పన్నెండేళ్ల రీనాకు ఒళ్లంతా దురద. "తాతా, ఈ బూజు సంగతి నేను చూస్తా" అంది. గోక్కుంటూనే అంది.

2018 వానలకు ముందు, మేమిప్పుడుంటున్న గరాచర్మ వచ్చి, తన రంగు వేసిన చొక్కాలు, జాకెట్లు మా వీధంతా పంచింది. వానాకాలమంతా తొడిగి, ఉతికి, తిరిగి ఇవ్వాలి. ఉతుకులకు ఆ గుణం నిలిస్తేనే డాక్టరు పట్టా.

పక్కింటి గురమ్మ జాకెట్టు చూసి బుగ్గ నొక్కుకుంది. "ఓలమ్మా, అచ్చం పాచిలాగుంది! దీనికి బూజు పడితే మాత్రం ఎవుడికి తెలుస్తాది?"

"వాసన చూడత్తా, తెలుస్తుంది" అంది రీనా.

అక్టోబరులో వచ్చి చూస్తే, ఇచ్చిన బట్టలు ఇచ్చినట్టే ఉన్నాయి. పిల్ల చేతి మొదటి బట్ట, క్రిస్మస్ ఆరాధనకు తొడుక్కుందామని అందరూ పెట్టెల్లో దాచారు. మా కోడలు కృపావతి, కన్నతల్లి, కలరా ఉండలు కూడా వేసింది.

"ఉతకమంటే దాస్తావా అమ్మా? కలరా ఉండలు వేశాక ఇంకెవరు నమ్ముతారు?"

"అరే బేటీ, నువ్వు చేసిందాన్ని బండకేసి బాదడానికి చేతులు రాలేదే!"

రీనా మెట్ల మీద కూలబడి ఏడ్చింది. గురమ్మ తన పెట్టె వరండాలోకి ఈడ్చుకొచ్చింది. కలరా ఉండలు కొనే మనిషి కాదు. పైనున్న తెల్లచీరకు మచ్చలు, కిందున్న తెల్లచీరకు మచ్చలు. నడుమ జాకెట్టు తీసి రెండుసార్లు మూచూసింది.

"ఏటీ కొట్టట్లేదే!"

రీనా ముక్కు తుడుచుకుని నవ్వింది. "సగం గెలిచానత్తా. ఇంక సబ్బు మిగిలింది."

ప్రొఫెసరు వేసవి దాకా గడువిచ్చారు. వీధంతా ఇప్పుడు పాచిరంగే, ఆరాధనకు కూడా. "అందరికీ అడవి శాఖలో ఉద్యోగాలొచ్చాయా?" అన్నారు పాదిరిగారు. కృపావతి కళ్లు మూసుకునైనా సరే, బండకేసి బాదుతోంది.

ఉతికిన బట్టలు తీసుకెళ్లడానికి రీనా వచ్చేది ఈస్టరుకు ముందురోజు, 2019 ఏప్రిల్ 20న. ఇక ఈస్టరు ఆరాధనకు వీధంతా మళ్లీ మచ్చల బట్టలే.