రెండు గంటలకోసారి

అక్క ఎక్కడా కుదురుగా కూర్చోదు. ఆఫీసులో కిటికీకీ బీరువాకీ మధ్య తిరుగుతూనే ఫైళ్ళు చదువుతుంది. ఆమెని చూస్తుంటే మాకు కాళ్ళు పీకుతాయి. వెనకాల అందరూ "స్టాప్‌వాచ్" అంటారు. నాకంటే నాలుగేళ్ళు పెద్దది కాబట్టి నేను మాత్రం అక్కా అంటాను. పాతికేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి, తర్వాత ఈ ఉద్యోగానికి వచ్చింది. వృద్ధుల హోములకు వెళ్ళి, అక్కడివాళ్ళని ఎలా చూసుకుంటున్నారో పరీక్షించి గ్రేడు ఇవ్వడం మా పని. ఎప్పుడూ ఇద్దరం కలిసే వెళ్తాం. వంటిల్లు, మందుల బీరువా, రిజిస్టర్లు నావి. మనుషులు ఆమెవి.

హోములో అడుగుపెట్టాక ఆమె మేనేజరు ఇచ్చే కాఫీ ముట్టదు. నేరుగా ఒక మంచం దగ్గరికి వెళ్ళి, బెల్లు నొక్కి, ఎవరైనా వచ్చేదాకా వాచీ చూస్తూ నిలబడుతుంది. తర్వాత దుప్పటిని కాళ్ళ వైపు నుంచి ఎత్తుతుంది. "మనం వస్తున్నామంటే ముఖాలు ఎవరైనా కడుగుతారే. మడమలు చూడాలి," అంటుంది నాతో. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే దెబ్బతినే చోట్లలో మడమ ఒకటి. ఎర్రబడ్డ చోట బొటనవేలితో నొక్కి తీస్తే తెల్లబడి, మళ్ళీ ఎర్రబడాలి. తెల్లబడలేదంటే లోపల పుండు మొదలైనట్టే.

ఆ రోజు కారులో తిరగడానికి చోటు లేక ఆమె సీటు బెల్టుతో కుస్తీ పడుతోంది. కారణం నాకు తెలుసు. వాళ్ళ అన్నయ్యకి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైంది. ఆయన్ని ఎత్తీ దించీ వదిన నడుము పడిపోయింది. మేము వెళ్తున్న హోములో చేరాల్సినవాళ్ళ జాబితాలో ఆయనదే మొదటి పేరు. గురువారానికి బెడ్డు ఖాళీ అవుతుంది. కానీ మేము మూడో గ్రేడు ఇచ్చామంటే, ఆ హోము మూడు నెలల పాటు కొత్తవాళ్ళని చేర్చుకోకూడదు.

"వేరేవాళ్ళని పంపమని అడగాల్సింది అక్కా," అన్నాను.

"అడిగాను. లోపల చుట్టాలుంటేనే మనం వెళ్ళకూడదట. జాబితాలో ఉన్న చుట్టాల గురించి రూలు లేదట." కిటికీ అద్దం దించింది, మళ్ళీ ఎక్కించింది. "అయినా పోయినేడు చూశాం కదా. మంచి హోమే."

మంచి హోమే, ఒక్క చిక్కు తప్ప. కింది వార్డులో పన్నెండు మంది కదల్లేనివాళ్ళు ఉన్నారు. పోయినేడు మేము వెళ్ళేసరికి, వాళ్ళని చూసే పెద్ద ఆయా పదకొండు రోజులుగా, ఎవరిని ఎప్పుడు తిప్పారో రాసే చార్టులో ఒక్క గడి కూడా నింపలేదు. ఎవరి ఒంటి మీదా మచ్చ మాత్రం లేదు. "వాళ్ళ ఒళ్ళు చూసుకోండమ్మా, కాగితంలో ఏముంది?" అంది ఆయా. అక్క మెత్తబడలేదు. రాయనిది జరగనట్టే లెక్క అని చెప్పి, నివేదికలోనూ అదే రాసింది. నేనూ సంతకం పెట్టాను. రూలు అంటే రూలే అని ఆ రోజు తెగ గర్వపడ్డాను కూడా.

ఈసారి చార్టులు చూసి నా కళ్ళు చల్లబడ్డాయి. ఎడమ, కుడి, వెల్లకిలా, పక్కన టైము, ఇద్దరి సంతకాలు. ఒక్క కొట్టివేత లేదు. "మీరు చెప్పాక ఎంత మారామో చూడండి మేడమ్," అన్నాడు మేనేజరు అక్కతో. గొంతు తగ్గించి, "అన్నగారి బెడ్డుకి కొత్త పరుపు కూడా వేయిస్తున్నాం," అన్నాడు. పాపం, అతనికి ఆమెని ప్రలోభపెట్టే తెలివి లేదు. మంచి కబురు చెబుతున్నాననే అనుకున్నాడు.

అక్క బెల్లు నొక్కింది. తొమ్మిది నిమిషాలకి గానీ ఎవరూ రాలేదు. ఆలోగా దుప్పటి ఎత్తింది. ఆ మంచం మీద ఉన్నది ఒకప్పటి డ్రాయింగు మాస్టారు. మాట పడిపోయింది గానీ చూపు చురుగ్గా ఉంది. ఎడమ మడమ ఎర్రగా కమిలి ఉంది. అక్క నొక్కి తీసింది. తెల్లబడలేదు.

"పదింటికి కుడి పక్కకి తిప్పామని రాశారు," అన్నాను చార్టు చూసి. అప్పుడు టైము పదకొండుంబావు. మాస్టారు వెల్లకిలా ఉన్నారు. ఇద్దరం కలిసి ఆయన్ని ఒత్తిగిలించాం. వీపంతా పక్కగుడ్డ ముడతల అచ్చులే. చార్టులో పన్నెండింటి గడి కూడా అప్పుడే నిండిపోయి ఉంది. అన్నీ కాకిలెక్కలు.

పన్నెండు మందిలో ఐదుగురి మడమలు అలాగే ఉన్నాయి. అక్క ఒక మంచం నుంచి ఇంకో మంచానికి కాలుగాలిన పిల్లిలా తిరిగింది. చివరికి పెద్ద ఆయాని ఆపి అడిగింది.

"ఏమైందమ్మా నీకు? పోయినేడు ఒక్కరికీ మచ్చ లేదు కదా?"

ఆయాకి కోపం తన్నుకొచ్చింది. "మనిషిని తిప్పాలంటే ఇద్దరుండాలి. మీరు రాసి వెళ్ళారు. అంతే, రెండో ఆయాని బల్ల దగ్గర కూచోబెట్టేశారు, చార్టులు రాయడానికి. నేనొక్కదాన్నే ఎంతమందిని తిప్పేది? మీరు కాగితం అడిగారు కదమ్మా. ఇదిగో, ఇచ్చాం."

అక్క ఎత్తిన దుప్పటి మళ్ళీ కప్పింది. నాకైతే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నివేదిక రాసుకోమని మాకొక గది ఇచ్చారు. ఆమె పెన్ను పట్టుకుని తలుపు నుంచి గోడకి, గోడ నుంచి తలుపుకి తిరుగుతోంది. నాకు చిరాకు పుట్టింది.

"రెండో గ్రేడు ఇచ్చి, నెల రోజుల్లో సరిచేసుకోమందాం అక్కా. మీ అన్నయ్య ఇక్కడుంటే రోజూ వస్తావు. వచ్చినప్పుడల్లా అందరి మడమలూ చూడొచ్చు," అన్నాను. మంచి మాటే చెబుతున్నాననుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"వదినకి ఏం చెప్పనే?" అంది. అంటే ఏం చేయాలో తేల్చేసుకుందన్నమాట.

నిలబడే రాసింది. మూడో గ్రేడు. కారణం అన్న చోట ఇలా రాసింది: పోయిన ఏడాది నేను రాసిన నివేదిక వల్ల, తిప్పే మనిషిని రాసే పనిలో పెట్టారు. రాత తగ్గించి ఇద్దరు ఆయాలనీ మంచాల దగ్గరికి పంపాలి. నేను చదివి, "నేను" కొట్టేసి "మేమిద్దరం" అని దిద్ది, కింద సంతకం పెట్టాను.

సాయంత్రం ఆమెని వాళ్ళ అన్నయ్య ఇంటి దగ్గర దించాను. వదిన గుమ్మంలోనే ఉంది. గురువారం కోసం బట్టలు సర్దిన సంచీ వెనక బల్ల మీద కనబడుతోంది.

"బెడ్డు లేదు వదినా. మూడు నెలలు ఆగాలి. నేనే ఆపాను," అంది అక్క.

వదిన ముఖం మాడిపోయింది. "ఊళ్ళోవాళ్ళ మడమలన్నీ చూస్తావు. నా నడుము ఎవరు చూస్తారు?" అంది. తర్వాత సంచీ విప్పి, ఒక్కో చొక్కా తీసి బీరువాలో పెట్టసాగింది. అటు తిరిగే అంది, "అయితే ఈ మూడు నెలలూ రాత్రి వంతు నీదే."

"సరే," అంది అక్క.

తర్వాతి సంగతి రెండో వారంలో, ఇంకో హోముకి వెళ్తుండగా నాకు చెప్పింది. పగలంతా నాతో తిరుగుతూ, రాత్రిళ్ళు అలారం పెట్టుకుని రెండు గంటలకోసారి అన్నయ్యని తిప్పుతోందట. ఆ ముందురోజు అలారం మోగడమే తెలియలేదట. కళ్ళు తెరిచేసరికి తెల్లగా తెల్లారింది. వంటింట్లో వదిన కాఫీ కలుపుతూ, "నాలుగింటికి తిప్పావా?" అని అడిగింది.

"తిప్పాను," అంది అక్క.

"నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదే. ఎంత తేలిగ్గా వచ్చిందో!" అంది నాతో. అక్కడే స్టవ్ పక్కన నిలబడి, నిమిషం తర్వాత నిజం చెప్పేసిందట. "లేదు వదినా. నిద్రపోయాను."

"తెలుసు," అందట వదిన, గ్లాసు చేతికిస్తూ. "నువ్వు గురక పెడుతుంటే నేనే లేచి తిప్పాను. తాగి పనికి పో."