ఆర్థర్ మాస్టారి నాలుగు కుర్చీలు

మనిషన్నవాడు కంటబడితే చాలు, ఆర్థర్ మాస్టారు వాడిని కంప్యూటర్‌లో భాగం చేసేసేవారు. నేరేడ్‌మెట్‌లో మా పక్కిల్లే. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో రిటైరై, తొంభై ఎనిమిదిలో ఇంట్లోనే కంప్యూటర్ క్లాసు పెట్టారు. అసలు కంప్యూటరేమో లోపలి గదిలో దుప్పటి కప్పుకుని పడుకునేది. పాఠమంతా వరండాలో నాలుగు కుర్చీలతోనే. వాటి విలువ వరసగా ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి. కుర్చీ ముందు మనిషి నిలబడితే ఆ విలువ లెక్కలోకి వస్తుంది, కూర్చుంటే రాదు. కంప్యూటర్‌కి తెలిసిందల్లా ఇంతే, మనం మోకాళ్ళతో చేసేది అది కరెంటుతో చేస్తుంది అనేవారు.

ఎనిమిది కుర్చీ నాది. మూడో క్లాసుతో బడికి దండం పెట్టినదాన్నే, అయితేనేం? మిగతా ముగ్గురూ కట్టగట్టుకుని లేచినా ఏడే. నాకు సరిరారు.

ఒకరోజు, క్లాసుకొచ్చే దేవకృప తండ్రి నోవహు గేటు తోసుకుని వచ్చాడు.

"ఏందీ సార్ గిది? నెల దాటింది, మా పిల్ల కంప్యూటర్ ముట్టలే. బడిల సున్నాలు, ఈడ గుంజీలు! రేపట్నుంచి పంపను. కుట్టుమిషన్ నేర్పిస్త!"

దేవకృప మొహం పాలిపోయింది. మాస్టారి మొహం మాత్రం వెలిగిపోయింది.

"నోవహుగారూ, సరిగ్గా నాలుగు కుర్చీ ముందున్నారు. కదలకండి."

"నేను కోపంల ఉన్న సార్!"

"ఉండండి. నిలబడి ఉండండి, చాలు. లోవమ్మగారూ, లేవండి," అన్నారు నావైపు తిరిగి.

ఉత్తరం ఇవ్వబోయిన పోస్టుమాన్ బ్రహ్మచారిని చివరి కుర్చీ ముందు నిలబెట్టారు. రెండు కుర్చీలో మాస్టారి భార్య మేబెల్ బియ్యం ఏరుకుంటోంది.

"పొయ్యి మీద చారు పొంగుతోందండీ!"

"పొంగనీ. నువ్వు లేస్తే పదిహేనైపోతుంది. దేవకృపా, ఇప్పుడెంతమ్మా?"

"పదమూడు సార్."

"నాన్నగారు కూర్చుంటే?"

"తొమ్మిది."

"లోవమ్మగారు కూడా కూర్చుంటే?"

"ఒకటి సార్."

సున్నాలు తెచ్చే పిల్ల! నోవహు నోరు తెరుచుకుని కుర్చీలో కూలబడ్డాడు.

"ఇదిగో, తొమ్మిది!" అన్నారు మాస్టారు.

"సరే సార్... ఇంకో నెల జూస్త," అంటూ నోవహు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. మాస్టారు దాన్నీ వదల్లేదు. "చూశారా పిల్లలూ, దాచిపెట్టని పని కరెంటు పోగానే కంప్యూటర్ మర్చిపోతుంది. లోవమ్మగారు అలా కాదు. పదేళ్ళ కింద నేను పగలగొట్టిన పూలకుండీ ఆవిడకి ఇంకా గుర్తే."

"రెండు కుండీలు," అన్నాను.

క్లాసు వదిలాక కడిగేశాను. "బంగారంలాంటి బోర్డుండగా మాకీ గుంజీలేమిటి మాస్టారూ? మోకాళ్ళు అరిగిపోతున్నాయి."

ఆయన గొంతు తగ్గించారు. "దేవకృపకి బోర్డు మీది అక్షరాలు కనబడవండీ. మనిషి లేచాడో కూర్చున్నాడో తెలుస్తుంది, అంతే. మూడో రోజే పసిగట్టాను. అడిగితే ఒప్పుకోదు. చదివి చదివి కళ్ళు పాడుచేసుకుందని నోవహు చదువే మాన్పిస్తాడని దాని భయం. అందుకే బోర్డుని గోడవైపు తిప్పేశాను."

ఒక్క పిల్ల కోసం వీధి వీధినీ లేపి కూర్చోబెట్టాడా ఈ మనిషి!

"మీరో పని చేసిపెట్టాలి," అన్నారు. "మీకు చూపు ఆనడం లేదని, తోడు కావాలని చెప్పి తండ్రీకూతుళ్ళని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఎలాగూ వచ్చాం, పిల్లనీ చూడమనండి. అద్దాలు పెడితే శుభ్రంగా చదువుకుంటుందని ఆ డాక్టరే నోవహుకి చెబుతాడు."

"నాకు చూపు ఆనకపోవడమేమిటి? చీకట్లో సూదికి దారం ఎక్కిస్తాను!"

"ఆ సంగతి నోవహుకీ తెలుసు, అదే చిక్కు. కాబట్టి రేపు అతను ఎదురుపడగానే దగ్గరకెళ్ళి, మొహంలో మొహం పెట్టి, 'ఎవరు తల్లీ నువ్వు?' అని అడగండి."